పలకని వరస

ధనరాజ్ రోజంతా గళ్లు గీసి, సాయంత్రానికి వాటిని చెరిపేసి, తెల్లారి మళ్లీ అవే గళ్లు గీస్తాడనీ, ఆ పనికి విశాఖపట్నంలో ఎవరో తెలివితక్కువవాళ్లు నెలనెలా జీతం పంపుతున్నారనీ పక్కింటి బుల్లమ్మ కొళాయి దగ్గర అన్నదట. విన్న పనిమనిషి కాసులమ్మ ఆ మాటను నీళ్లబిందెతో పాటు మోసుకొచ్చి దుర్గాలక్ష్మి చెవిన వేసింది. దుర్గాలక్ష్మి దాన్ని ఉప్మా పళ్లెంతో పాటు మొగుడి కోసం మేడమీది గదికి తెచ్చింది.

"అందులో అబద్ధం ఏటుంది?" అన్నాడు ధనరాజ్, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

బుల్లమ్మ అంతటితో ఆగలేదట. ధనరాజ్ కంప్యూటరు పెట్టెలో పేరు కొడితే తప్పిపోయిన మనుషులు దొరికేస్తారని కూడా చెప్పిందట. చేపల దేముడమ్మ గంప దింపుకుని నోరు తెరుచుకుని విందట. రేపో మాపో గవరపాలెంలో మేకపిల్ల కనపడకపోయినా మన మెట్లెక్కుతారని దుర్గాలక్ష్మి సణిగింది. ధనరాజ్ సగం విన్నాడు. తెర మీద రెండు వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువైందనిపించి, బాణం గుర్తున్న మీట నొక్కి కింది వరసను వెంట్రుకవాసి పైకి జరిపాడు. కళ్లు చిట్లించి చూశాడు. మళ్లీ కిందికి దింపాడు.

నలభై దాటి చాలా కాలమైన మనిషి. సన్నగా ఉంటాడు. మెడ ముందుకు సాగి, కూర్చున్నా ఎవరి మాటో వినడానికి వంగినట్టే ఉంటుంది. కుడి మణికట్టు బల్ల అంచుకు ఒరుసుకుని నల్లగా కాయ కట్టింది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు, కింద గళ్ల లుంగీయే. కంపెనీ సరుకు కొనబోయే ట్రస్టు వాళ్లు మధ్యాహ్నం వీడియోలో చూస్తారు. వీడియోలో మనిషి నడుము దాకానే కనబడతాడు.

ఈ పనిలోకి రాకముందు ధనరాజ్ అనకాపల్లి మెయిన్ రోడ్డులో దేవీప్రసాద్ గారి శుభలేఖల కొట్టులో కంప్యూటరు ముందు కూర్చునేవాడు. కశింకోట నుంచీ నక్కపల్లి నుంచీ జనం అతని చేతి శుభలేఖ కావాలని వచ్చేవారు. అతని అక్షరం పొంకం అలాంటిది. అంతకన్నా ముఖ్యమైన విద్య ఇంకొకటి ఉండేది. పెళ్లి కుదిరి, పేర్లన్నీ పేర్చాక, ఏ మేనమామో అలిగి నా పేరు వెయ్యొద్దంటాడు. ఆ పేరు తీసేస్తే అక్కడ బోడిగా కనబడుతుంది. చూసిన ప్రతివాడూ ఎవరు తగ్గారా అని లెక్క చూస్తాడు. శుభలేఖలో ఖాళీ కనబడితే పెళ్లింటి గొడవ వీధిలో పెట్టినట్టేనని దేవీప్రసాద్ గారు చెప్పేవారు. ధనరాజ్ మిగిలిన పేర్లను ఇటొకటి అటొకటి జరిపి, పైనున్న కలశాన్ని ఓ పిసరు పెద్దది చేసి, అక్కడ ఉండాల్సినవాడు ఒకడు లేడన్న అనుమానమే ఎవరికీ రాకుండా సర్దేసేవాడు. ఏ మామ పేరు ఎందుకు తీశారని ఎన్నడూ అడగలేదు. అడిగినదానికి సరే అనడం, అన్నది నున్నగా చేసి ఇవ్వడం, అదే అతని బతుకు. దుర్గాలక్ష్మిని చూసుకోవడానికి వెళ్లినప్పుడు కూడా సరే అన్న మాటే అన్నాడని ఇంట్లో ఓ ఎకసెక్కం ఉంది.

శుభలేఖలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి. కొట్టు మూతపడింది. పాత ఖాతాదారు కొడుకు కిరణ్ విశాఖపట్నంలో కంపెనీ పెట్టి, మాస్టారి చేతిలో కుదురుందని ఇతన్ని పనిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు ధనరాజ్ చేసేది తెరలు గీయడం. తెర అంటే, జనం ఫోనులో ఏం చూడాలి, ఎక్కడ నొక్కాలి, ఏది ముందు కనబడాలి, ఏది తరవాత, అదీ.

ఆ యేడు చేస్తున్న తెర పేరు 'ఆచూకీ'. దాంట్లో ఒకటే గడి. మనిషి పేరు, వయసు, ఊరు కొట్టి నొక్కితే, ఆ ప్రశ్న ఒకే క్షణంలో అనకాపల్లి మొదలు నక్కపల్లి దాకా ఉన్న ఆసుపత్రులకీ పోలీసు స్టేషన్లకీ అంబులెన్సుల వాళ్లకీ వెళ్తుంది. ఈ మనిషి మీ దగ్గరికి వచ్చాడా అని. ఒక్కో చోట ఒక్కో రకం కంప్యూటరు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు వెనక రాస్తారు. కొన్ని అడగ్గానే పలుకుతాయి. కొన్ని గుక్క తిప్పుకుని పలుకుతాయి. ఏటికొప్పాక మలుపు దాటాక హైవే పక్కనున్న చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది, అది ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. ఈ జవాబులన్నీ పోగేసి, చదువు రానివాడికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేలా చూపించాలి. ధనరాజ్ పని అది.

మొదట గీసినప్పుడు చోటుకొక వరస ఇచ్చాడు. వరస చివర మూడు రకాల జవాబులు. 'ఉన్నారు' అనేది నీలంలో. 'చేరలేదు' అనేది బూడిద రంగులో. మూడోది 'ఇంకా పలకలేదు' అని నారింజ రంగులో, పక్కన మెల్లగా తిరిగే ఓ చిన్న చక్రం. ఆ చక్రం మరీ జోరుగా తిరిగితే చూసేవాళ్ల గుండె దడదడలాడుతుందని దాని వేగం తగ్గించడానికే రెండు పూటలు కూర్చున్నాడు.

కిరణ్ చూసి ఆ మూడోది తీసేద్దామన్నాడు. "మాస్టారూ, అది చూస్తే మన సామాన్లే పని చెయ్యట్లేదేమో అనుకుంటారు. కాసేపు చూసి, పలక్కపోతే ఆ వరస మాయం చేసెయ్యండి. పైన పెద్ద టిక్కు పెట్టి, అన్ని చోట్లా చూశామని రాసెయ్యండి. చూసినవాడికి నిమ్మళంగా ఉండాలి."

ధనరాజ్ గొంతులో ఏదో మాట పైకి వచ్చింది. పలకకపోవడం, అక్కడ లేకపోవడం ఒకటి కాదు కదా అన్న మాట. అది వాక్యంగా కుదురుకునేలోపు అవతల కిరణ్ ఇంకో ఫోను ఎత్తుకున్నాడు. సరే అన్నాడు ధనరాజ్. సాయంత్రానికల్లా చేసేశాడు. పలకని వరస మసకబారి, కరిగి, మాయమయ్యేది. కింది వరసలు పైకి జరిగి దగ్గరయ్యేవి. పైన ఆకుపచ్చ టిక్కు విచ్చుకునేది. నున్నగా, ఎంతో అందంగా వచ్చింది. వారం కిందట దాన్ని పరీక్ష కోసం జనంలోకి వదిలారు. ట్రస్టు వాళ్లకు నచ్చితే కంపెనీ నిలబడుతుందనీ, లేకపోతే మాస్టారూ మనమందరం ఎవరి దారి వాళ్లు చూసుకోవాలనీ కిరణ్ నిన్నే నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు ధనరాజ్‌కు రాత్రి సరిగా నిద్ర పట్టనివ్వలేదు.

ఉప్మా చల్లారిపోతుండగా కింద వాకిట్లో దేముడమ్మ గొంతు వినిపించింది. రోజూ వినబడే గొంతే గాని, రోజూ చేప పేరుతో మొదలయ్యేది. ఇవాళ చేప పేరు లేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. దేముడమ్మ పూడిమడక నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే మనిషి. ఇన్నేళ్లలో ఆ మెట్లు ఎక్కింది లేదు. గుమ్మం దగ్గరే ఆగి, తడి చేతులు చీరకు తుడుచుకుంది. ధనరాజ్ కుర్చీ చూపించినా కూర్చోలేదు, కుర్చీకి నీసు వాసన పడుతుందంది.

"నా మనిషి నిన్న మజ్జానం బండేసుకుని నక్కపల్లి ఎల్లేడు బాబూ. రానేదు. ఫోను కొడితే సిచ్చాపు. తెల్లార్లూ గుమ్మంలోనే కూకున్నాను. ఈ పెట్టెలో మనుషులు కనపడతారంట గదా. ఓపాలి సూడు."

పేరు పరదేశి. ఊరు పూడిమడక. వయసడిగితే తన కన్నా పెద్దోడంది, అంతకు మించి తెలీదంది. ధనరాజ్ ఉజ్జాయింపుగా కొట్టాడు. వేలు నొక్కే ముందు ఒక్క క్షణం ఆగింది. తను గీసిన తెర ముందు నిజంగా అవసరమున్న మనిషిని నిలబెట్టడం అతనికి అదే మొదలు.

వరసలు ఒక్కొక్కటే వెలిగాయి. అనకాపల్లి పెద్దాసుపత్రి, చేరలేదు. ఆ పక్కది, చేరలేదు. దేముడమ్మకు చదువు రాదు. అతను ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే ఆమె వింటూ తలుపు రెక్కను పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఒక్కో 'చేరలేదు'కీ ఓ వేలు వదులైంది. చివరికి పైన ఆకుపచ్చ టిక్కు విచ్చుకుంది. అన్ని చోట్లా చూశాం, ఈ పేరుతో ఎవరూ చేరలేదు అని దాని కింద ఉంది. ధనరాజ్ అదీ పైకి చదివాడు.

దేముడమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత నవ్వు, ఆ నవ్వు వెంటే తిట్లు.

"ఐతే మా తమ్ముడు కొండబాబింట్లో తాగి పడున్నాడు. ఇంకెక్కడికి పోతాడు. రానీ, గుమ్మంలో అడుగెట్టనిత్తే అడుగు."

లేచి, మెట్లు దిగుతూనే దుర్గాలక్ష్మిని కేకేసింది. ఇవాళ కానాగంత చేపలు ఊరికే ఇస్తానంది. దుర్గాలక్ష్మి వద్దంటోంది, ఆమె వినడం లేదు. ఇక్కడ ధనరాజ్ తెర మీది వరసలను వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. ఎక్కడ తగ్గిందో అతనికే వెంటనే తట్టలేదు, అంత బాగా పూడ్చాడు. ఒక్కో పేరూ చదువుకుంటూ వస్తే అప్పుడు తెలిసింది. హైవే ఆసుపత్రి లేదు.

లేచి మెట్ల దాకా వచ్చాడు. "అప్పా" అన్నాడు.

దేముడమ్మ కింది మెట్టు మీద ఆగి తలెత్తింది. మొహం కడుక్కున్నట్టుగా ఉంది. "ఏటి బాబూ?"

జేబులో ఫోను మోగింది. కిరణ్. ట్రస్టు వాళ్లు అనుకున్నదాని కంటే ముందే కూర్చున్నారట, వెంటనే రమ్మన్నాడు. ధనరాజ్ ఫోను చెవికి ఆనించుకుని కింద ఎదురుచూస్తున్న ఆ మొహాన్ని చూశాడు. ఆ ఆసుపత్రి ఎప్పుడూ అంతే, సగం రోజులు పలకదు. పలకనంత మాత్రాన అక్కడే ఉన్నాడని కాదు. ఊరికే ఆమెను భయపెట్టడం తప్ప ఏముంది. కాసేపట్లో మళ్లీ కొట్టి చూస్తాను, ఏదైనా ఉంటే అప్పుడు చెప్పొచ్చు. ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి, సర్ది పెట్టినట్టు వచ్చాయి.

"ఏం లేదు. చేపలెందుకు ఊరికే ఇవ్వడం అనీ."

"నోర్మూసుకుని తినండి" అని నవ్వి, గంప ఎత్తించుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

తెర మీద కిరణ్, అతని పక్కన ఇద్దరు మగవాళ్లు, నల్ల కళ్లజోడు అమ్మాయి హాసిని. ట్రస్టు తరఫున సరుకు చూసి మంచిచెడ్డలు చెప్పేది ఆమేనట. ధనరాజ్ తన తెరను వాళ్లకు చూపిస్తూ, పక్కన ఇంకో కిటికీలో పరదేశి పేరే మళ్లీ కొట్టాడు. టిక్కు వచ్చింది. మళ్లీ కొట్టాడు. టిక్కు. అటు కిరణ్ ఏదో ఉత్తుత్తి పేరు పెట్టి చూపిస్తూ చాలా చురుగ్గా మాట్లాడుతున్నాడు. కింద నూనె కాగుతున్న వాసన వస్తోంది, దుర్గాలక్ష్మి చేపలు వేయిస్తోంది.

హాసిని ముందుకు వంగింది. ఈ టిక్కు వస్తే అన్ని చోట్ల నుంచీ జవాబు వచ్చినట్టేనా అని అడిగింది. కిరణ్ అన్నీ అండి అన్నాడు. ఆమె తల పంకించి, గీసినాయన ఏమైనా చెబుతారా అంది. అందరి కళ్లూ ధనరాజ్ ఉన్న గడి వైపు తిరిగాయి. అతను మైకు తెరిచాడు. కిరణ్ నవ్వుతూనే ఉన్నాడు, కానీ కనుబొమలు పైకి లేచి అక్కడే నిలిచిపోయాయి.

"బాగా వచ్చిందండీ" అన్నాడు ధనరాజ్. మైకు మూసేశాడు.

మూశాక చేతులు ఆగలేదు. తన కంప్యూటరు మట్టుకు, పలకని వరసను మాయం చేసే ముక్కను తీసేశాడు. పేరు మళ్లీ కొట్టాడు. అన్ని వరసల అడుగునా హైవే ఆసుపత్రి కనబడింది. పక్కన నారింజ రంగు చక్రం తిరగడం మొదలైంది. మెల్లగా, చూసేవాళ్లు కంగారు పడకూడదని అతను కుదిర్చిన వేగంతో. అవతల ఎవరో ధర గురించి అడుగుతున్నారు. చక్రం తిరుగుతోంది. ధనరాజ్ ఆసుపత్రికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. తెర మీద తన మొహం చెమటతో మెరుస్తుండటం చూసి కెమెరా కట్టేశాడు. కిరణ్ నుంచి, మాస్టారూ కనబడటం లేదు అని మెసేజి వచ్చింది.

చక్రం ఆగింది. వరస నీలంగా మారింది. ఉన్నారు. పరదేశి, పూడిమడక. రోడ్డు ప్రమాదం.

చెప్పులేసుకున్నదీ, మెట్లు దిగిందీ అతనికి గుర్తులేదు. దేముడమ్మ నెంబరు ఇవ్వమని దుర్గాలక్ష్మిని అడిగాడు. ఆమె గరిటె పట్టుకుని తెల్లబోయింది. "ఆవిడ నెంబరు మనకెందుకుంటాది? రోజూ ఆవిడే వత్తాది గదా."

స్కూటరు తీసి గవరపాలెం వీధులన్నీ తిరిగాడు. ఇప్పుడే ఇటెళ్లిందన్నారు ఒక చోట. ఇంకో చోట, ఇవాళ ఊరికే హుషారుగా ఉందనీ, బేరం కూడా ఆడలేదనీ అన్నారు. జేబులో ఫోను మోగుతూనే ఉంది. బెల్లం మార్కెట్టు వైపు రోడ్డులో, మూసేసిన ఓ కొట్టు అరుగు మీద దొరికింది. ఖాళీ గంప పక్కన పెట్టుకుని, ఇంకో చేపలావిడతో పరదేశి తాగుబోతు కథ చెప్పి నవ్విస్తోంది. ధనరాజ్‌ను చూసింది. ఇస్త్రీ చొక్కానూ లుంగీనీ చూసి, ఇదేం వేషం బాబూ అని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఎక్కు అప్పా" అన్నాడు.

ఎక్కింది. గంప ఒళ్లో పెట్టుకుంటే దాని అంచు అతని వీపుకు గుచ్చుకుంది. కశింకోట దగ్గర చెరుకు ట్రాక్టరు అడ్డంగా నిలిచి దారి మూసేసింది. బళ్లు వెనక్కి వెనక్కి పేరుకున్నాయి. అక్కడ, ఇంజను కట్టకుండా, వెనక్కి తిరక్కుండా చెప్పాడు. ఆసుపత్రిలో ఉన్నాడని.

"బతికేనా?"

"ఉన్నాడనే ఉంది."

ఆమె చెయ్యి వచ్చి అతని భుజాన్ని పట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు.

అది మేడ కింద మూడు నాలుగు గదుల ఆసుపత్రి. గుమ్మం పక్కన బల్ల వెనక పావని అనే నర్సమ్మ కూర్చుంది. పేరు చెప్పగానే లేచి నిలబడింది. నిన్న సాయంత్రం దారిన పోయేవాళ్లెవరో ఆటోలో తెచ్చారట. ఫోను బండి కింద పడి నుజ్జయిపోయిందట. పేరూ ఊరూ అతనే చెప్పాడట, నెంబర్లు మాత్రం ఒక్కటీ గుర్తులేవన్నాడట. పోలీసులకు కబురు పెట్టారట, వాళ్లింకా వచ్చి రాసుకోలేదట. ఇక్కడ కంప్యూటరు రాత్రి కట్టేస్తారట, పొద్దున వార్డు పనంతా అయ్యాకే తను తెరుస్తుందట. అవన్నీ ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయింది. అసలు మాట చెప్పడానికి గొంతు తగ్గించింది.

"పొద్దున్నంతా మాటాడేడమ్మా. తలుపు చప్పుడైతే చాలు, ఇటు తిరిగి సూసేడు. ఇందాకే పోయేడు. మీరొచ్చే ముందే."

దేముడమ్మ లోపలికి వెళ్లింది. ఏడుపు వినబడుతుందని ధనరాజ్ గోడకు ఆనుకుని ఎదురుచూశాడు. వినబడలేదు. చాలాసేపటికి బయటికి వచ్చింది. పావని ఇచ్చిన ప్లాస్టిక్ సంచి తీసుకుంది. అందులో పరదేశి మొలతాడు, చొక్కా, ఎవరి కోసం కొన్నాడో గాని విప్పని జిలేబీ పొట్లం ఉన్నాయి. ఆమె బెంచీ మీద కూర్చుని సంచిని గంపలో పెట్టింది. సంచి మూతి విచ్చుకునే ఉంది. పావని వంగి ముడి వేసిపెట్టింది.

ధనరాజ్ ఆమె ముందు నిలబడ్డాడు. మెడ ఎప్పటిలాగే ముందుకు వంగి ఉంది.

"పొద్దున అడిగినప్పుడు ఈ ఆసుపత్రి జవాబు చెప్పలేదు అప్పా. చెప్పకపోతే ఆ వరస కనపడకుండా పోతాది. పైవాళ్లు అలాగే చెయ్యమన్నారు. నేనే చేసేను."

దేముడమ్మ తలెత్తింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"నువ్వు నన్ను మెట్ల మీద పిలిసేవు. అప్పటికి నీకు తెలుసా?"

అతను తలూపాడు.

"పెట్టెలో కనపడకుండా సేసేవు, సరే. నీ నోరేటయింది బాబూ?"